చిన్నమ్మ వాళ్ళ ఊరి పాట

పోయిన నెల మా అరవ పట్నానికి దక్షిణపు కొసన ఉన్న షోళింగనల్లూరులో మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా చిన్నాయన కొడుకు. వాడి కూతురు పదో తరగతి చదువుతోంది. హాల్లో నేల మీద చతికిలబడి కాలి గోళ్ళకు రంగు వేసుకుంటూ ఫోనులో ఏదో పాట పెట్టింది. ముందు డ్రమ్ముల మోత, దాని మీద ఒక కుర్రవాడు ఊపిరి తీసుకోకుండా మాటలు వల్లించడం. ఈ కాలం పాటలన్నీ ఇంతే కదా అని నేను పట్టించుకోలేదు. ఉన్నట్టుండి మోత ఆగిపోయి నలుగురైదుగురు ఆడవాళ్ళు గొంతెత్తారు. సంగీతం నేర్చిన గొంతులు కావు అవి. అవతలి గట్టు మీద ఉన్న మనిషిని ఇవతలి గట్టు నుంచి పిలిచే గొంతులు. నేను సోఫాలోంచి లేచి వెళ్ళి దాని పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఏ దేశం పాటే ఇది?"

"ఉక్రెయిన్‌దత్తా. ఆడ యుద్ధం జరుగుతా ఉంది కదా, అందరూ ఇవే పెడ్తా ఉండారు. బీట్ సూపరా ఇరుక్కుల్ల, బాగుండాది కదా?"

"మీ నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో ఇట్టానే పాడేవాళ్ళు."

"తెలుసత్తా, నాన్న చెప్పినారు" అంటూ అది తర్వాతి పాటకు మార్చేసింది. దానికి నాయనమ్మ, అంటే మా చిన్నమ్మ, గోడ మీద ఫోటో మాత్రమే. దాని తప్పేం లేదు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆఫీసు క్యాబులు, స్కూటర్ల మధ్య మా ఆటో కదలకుండా నిలబడిపోయింది. ఆ పొగలో కూర్చుని ఉన్నంతసేపూ నాకు ఒక వేసవి గుర్తొస్తూనే ఉంది. గుర్తు రావడం అనడం కూడా సరికాదేమో. అప్పటి దడే మళ్ళీ వచ్చింది.

మా ఇల్లు అప్పుడు అదే పట్నంలో ఉత్తరం వైపు వాషర్‌మెన్‌పేట్‌లో ఉండేది. వీధి వైపు సన్నగా కనబడి లోపలికి పొడుగ్గా సాగిపోయే పాత ఇల్లు. తాతకు రెండు వీధుల అవతల బియ్యం మండీ. తాతా నాన్నా సాయంత్రం ఇంటికి వస్తే గోనెసంచుల వాసన, ఉప్పుడు బియ్యం వాసన వాళ్ళతో పాటే వచ్చేవి. పక్క వీధి నిండా బట్టల కొట్లు. అటునుంచి గాలి వీస్తే కొత్త గుడ్డల గంజి వాసన. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వచ్చిందంటే ఆ రెండూ పోయి చేపల వాసన. అవ్వ ముక్కు ఎగబీల్చి "గాలి తిరిగింది, గంట రెండయ్యుంటాది" అనేది. గడియారం చూస్తే రెండే అయ్యుండేది.

చిన్నాయన చదువుకోసం కీవ్ వెళ్ళాడు. ఆ రోజుల్లో సోవియట్ దేశం మన పిల్లలకు ఉపకార వేతనాలిచ్చి చదివించేది. ఇంజనీరై తిరిగొస్తూ వెంట చిన్నమ్మను తెచ్చాడు. పొడుగ్గా, గోధుమరంగు జడతో, ఎండకు ముక్కు ఎర్రగా కందిపోయిన మనిషి. అవ్వ కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. అయితే ఇంట్లో చిన్నాయన తప్ప ఆమెకు తెలుగు నేర్పేవాళ్ళు ఎవరు? ఆయన పొద్దున పోతే చీకటిపడ్డాకే ఇల్లు చేరేవాడు. కాబట్టి కందిపప్పు ఏదో, పెసరపప్పు ఏదో చెప్పడానికైనా అవ్వ నోరు తెరవాల్సి వచ్చింది. అట్లా చిన్నమ్మకు వచ్చిన తెలుగంతా అవ్వ తెలుగే. ఆ తెల్లటి మనిషి కొళాయి దగ్గర నిలబడి "ఏందిమే, ఈడ నీళ్ళు రాలేదా?" అంటే వీధంతా పడీపడీ నవ్వేది.

వీధిలో వాళ్ళు ఆమెను రష్యా కోడలు అనేవాళ్ళు. ఆమె ప్రతిసారీ నెమ్మదిగా సరిదిద్దేది. "రష్యా కాదు, ఉక్రెయిన్."

ఒకరోజు అవ్వ విసుక్కుంది. "రెండూ ఒకటే కదమ్మా. సుమ్మా, ఊరికే దానికెందుకు అంత పట్టు?"

చిన్నమ్మ చేట కింద పెట్టి అడిగింది. "అత్తా, మీరు అరవమా, తెలుగా?"

అవ్వకు రోషం వచ్చింది. "అదేం మాట? తెలుగోళ్ళం. మా ముత్తాతల ముత్తాతలు ఈడికొచ్చినారు. వీధిలో అరవం మాట్లాడినా ఇంట్లో తెలుగే."

"నేనూ అట్టనే అత్తా."

మర్నాడు కూరగాయలామె "రష్యా కోడలు బాగుండాదా?" అని అడిగితే, అవ్వ వంకాయలు ఏరుకుంటూ "రష్యా కాదుమే, ఉక్రెయిన్" అంది, తనకు పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు.

చిన్నమ్మకు ప్రతి పనికీ ఒక పాట ఉండేది. పిండి ఒత్తడానికి ఒకటి, బట్టలు పిండడానికి ఒకటి, మాకు తల దువ్వడానికి ఒకటి. వాళ్ళ దేశంలో పూర్వం ఎడ్లబండ్లు కట్టుకుని సముద్రం దాకా ఉప్పుకోసం పోయేవాళ్ళట. నెలల తరబడి నడిచే ఆ బండ్లవాళ్ళకు వేరే పాటలు. చలికాలంలో పిల్లలు ఇంటింటికీ పోయి పాడితే గృహస్థులు తినడానికి పెట్టే పాటలు వేరు. మంచు కరిగాక ఆడపిల్లలు అడవి అంచున నిలబడి వసంతాన్ని పిలిచే పాటలు ఇంకా వేరు. చిన్నాయనకేమో ఇవేవీ పట్టవు. హాస్టల్లో ఉన్నప్పుడు డాన్సులు చేసిన పాటల టేపులు తెచ్చుకున్నాడు. ఆదివారం అవి పెట్టి చిన్నమ్మ చెయ్యి పట్టుకుని తిప్పబోతే, ఆమె అవ్వ ఎక్కడుందో చూసుకుని నవ్వుతూ వదిలించుకునేది. ఆ పాటలు కూడా చిన్నమ్మ భాషవే. వాళ్ళ దేశంలో పెద్ద ఉద్యోగం కావాలన్నా, సభలో మాట్లాడాలన్నా రష్యా భాష కావాలట. "పాటల్లో మాత్రం ఎవురూ మమ్మల్ని ఆపలేకపోయినారు" అనేది చిన్నమ్మ. అంటూనే కొంచెం వెనక్కి తిరిగి చూసేది. వాషర్‌మెన్‌పేట్‌లో ఆమె వెనక వడియాల గుడ్డ తప్ప ఏమీ ఉండేది కాదు.

అవ్వ ఒక్కటే షరతు పెట్టింది. "పాడుకోమ్మా, వద్దనను. వీధిలోకి వినపడొద్దు. కోడలు గొంతు వీధిన పడిందని నన్నంటారు."

చిన్నమ్మ తల ఊపింది. కానీ ఆ పాటలు మెల్లగా పాడే పాటలు కావు. ఆమె గొంతు అణుచుకుని పాడుతుంటే మెడ నరాలు ఉబ్బేవి. మేం, అంటే నేనూ అక్కా, పక్కన కూర్చుని మాటలకు అర్థం తెలియకుండానే నేర్చేసుకున్నాం. బడిలో మా రెండు తరగతులనూ కలిపి కూర్చోబెట్టిన రోజున అరవం టీచరు "మీ ఇంట్లో పాడే పాటొకటి పాడు" అంటే నేను అదే పాడాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, తెలుగు ఎంత తీయగా ఉంటుందో అంది. అక్క బెంచీ కిందికి వంగి నవ్వు ఆపుకుంది. ఇంటికొచ్చి చెబితే చిన్నమ్మ నవ్వీ నవ్వీ పిండిచేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ఆ పిండితో ఆమె చేసేవి ఆలుగడ్డ పెట్టిన కుడుములు. అవ్వ వాటిని మన కుడుముల వంశంలో చేర్చేసుకుని, చింతకాయ తొక్కుతో తినేది.

ఆ వేసవికి చిన్నమ్మకు కడుపు. అప్పుడప్పుడే తెలుస్తూ ఉండేది. కత్తిరి ఎండలు మొదలయ్యాయి. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకునేది. అమ్మ ముంజలు ఒలిచి నీళ్ళలో వేసి చిన్నమ్మకు ఇస్తూ ఉండేది.

ఒకరోజు పొద్దున చిన్నాయన పేపరు చదువుతూ చదువుతూ మడిచి చంకలో పెట్టుకున్నాడు. తాత అడిగినా ఇవ్వలేదు. తర్వాత వెనక వసారాలో షార్ట్‌వేవ్ రేడియోకు చెవి ఆనించి కూర్చున్నాడు. గరగర శబ్దం, మధ్యలో ఇంగ్లీషు, మళ్ళీ గరగర. చిన్నమ్మ తడిచేతులతో అక్కడికి వెళ్ళింది. రేడియో ఒక ఊరి పేరు చెప్పింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆపేసింది.

అక్కడ అణు విద్యుత్తు కేంద్రం పేలిందట. ఆ ఊరికి చిన్నమ్మ వాళ్ళ ఊరు నది అవతల. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడితే ఆ పొగగొట్టాలు కనబడతాయట. అమ్మ ఒక్కతే ఉంటుంది అక్కడ, ఒక ఆవుతో. తమ్ముడు కీవ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

"ఏమైనాది?" అని అవ్వ అడిగితే చిన్నాయన మాటలు తడుముకున్నాడు. "నిప్పు కాదమ్మా. పొగా కాదు. కంటికి కనపడదు, వాసన ఉండదు. గాలిలో వస్తాది, వానలో పడతాది."

"కనపడనిదానికి ఎట్టా భయపడాలిరా?" అంది అవ్వ. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగింది. ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. కొన్నాళ్ళు నీళ్ళు తాగేముందు గ్లాసులోకి చూసి చూసి తాగాను.

ఫోను మా ఇంట్లో లేదు, మండీలో ఉండేది. చిన్నాయన కీవ్‌లో ఆమె తమ్ముడి ఆఫీసుకు ట్రంక్‌కాల్ బుక్ చేశాడు. లైను లేదన్నారు. మళ్ళీ చేశాడు. బొంబాయి దాకా కలిసి అక్కడ తెగిపోయింది. తాత అంతవరకూ ఆడవాళ్ళను మండీకి రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు తన గద్దె పక్కన కుర్చీ వేయించి, "కూర్చోమ్మా. మోగితే నువ్వే ఎత్తు" అన్నాడు. చిన్నమ్మ పొద్దున వెళ్ళి నల్లటి ఫోనుకు ఎదురుగా కూర్చునేది. బియ్యం బేరానికి ఎవరైనా ఫోను చేస్తే తాత రెండు మాటల్లో పెట్టేసేవాడు. బడి సెలవులు కాబట్టి భోజనం క్యారియరు మేమే పట్టుకెళ్ళేవాళ్ళం. సాయంత్రం ఖాళీ చేయకుండా తిరిగి తెచ్చేవాళ్ళం.

అన్నిటికంటే భయం వేసింది ఆమె పాడకపోవడం. అప్పడాల కర్ర చప్పుడు ఒక్కటే వినబడేది. నేనూ అక్కా ఒక ఎత్తు వేశాం. ఆమెకు వినబడేలా పాట మొదలుపెట్టి కావాలనే తప్పు పాడాం. అంతకుముందయితే వంటింట్లోంచే "అట్ట కాదుమే" అని అందుకునేది. ఆరోజు ఇంకా పెద్ద తప్పు పాడాం. ఆమె మా వైపు చూసింది గానీ ఏమీ వినలేదు.

ఆ రేడియోలోనే ఎవరో చెప్పారు, అక్కడ పాలు తాగొద్దంటున్నారని. మర్నాడు పొద్దున మాధవరం నుంచి సైకిలు మీద వచ్చే పాలాయన పోసి వెళ్ళాడు. అవ్వ పాలు పొయ్యి మీద పెట్టబోతుంటే చిన్నమ్మ వచ్చి గిన్నె పట్టుకుంది.

"వద్దత్తా. పాలొద్దు. పిల్లోళ్ళకు ఇయ్యొద్దు."

"ఇవి మాధవరం పాలమ్మా. ఆ ఊరి గాలి ఈడికెట్టొస్తాది?"

"గాలికి ఏ ఊరయితే ఏందత్తా" అంటూ చిన్నమ్మ గిన్నె లాక్కుని వీధి గుమ్మం దాకా వెళ్ళి మొత్తం కాలువలో పారబోసింది. ఎదురింటామె ముగ్గు వేస్తూ అంతా చూసింది.

మధ్యాహ్నానికి వీధంతా పాలు పారబోసింది. రష్యావాళ్ళు చెప్పారట, పాలలో విషం ఉందట. ఒకరి పిల్లవాడికి కడుపునొప్పి కూడా వచ్చేసింది. సాయంత్రం పాలాయన సైకిలు మా గుమ్మం ముందు నిలిపి, కోపం చేయడానికి కూడా శక్తి లేనివాడిలా అడిగాడు. "అమ్మా, నా బర్రెలు ఏం పాపం చేసినాయి?"

అవ్వ అరుగు మీదికి వచ్చింది. చెంబు చాపి "పాలు పొయ్యి" అంది. పాలాయన పోశాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉండగా అవ్వ ఆ చెంబెడు పచ్చిపాలు ఎత్తిన చెయ్యి దించకుండా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుని ఎదురింటామెతో అంది. "నా కోడలు వాళ్ళమ్మ గురించి భయపడతా ఉండాది. పాలకేం రాలేదు. పోయి గిన్నెలు తెచ్చుకోండి."

అవ్వకు పచ్చిపాలు పడవు. ఆ సాయంత్రమంతా పెరట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. చిన్నమ్మ వాము నీళ్ళు కాచి తెచ్చి పక్కన కూర్చుంటే, "నాకేం కాలేదులే. నువ్వు రెండు ముద్దలు తిను, కడుపులో బిడ్డ ఉండాది" అని కసిరింది. ఆరోజు చిన్నమ్మ తినింది.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నమ్మ నడుం నొప్పిగా ఉందని మండీకి వెళ్ళకుండా ఇంట్లో పడుకుంది. ఆరోజే మండీ గుమాస్తా ఆయాసపడుతూ వచ్చాడు. ఫోను వచ్చింది, లైను పెట్టి ఉంచారు, తొందరగా రమ్మన్నాడు. చిన్నమ్మ ఉన్నపళంగా పరుగు తీసింది. చెప్పులు లేవు. కాళ్ళ కింద రోడ్డు కాలిపోతోంది. "పరిగెత్తొద్దమ్మా, పడతావు" అని అరుస్తూ వెనక అవ్వ, చిన్నమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని. అవ్వ వెనక మేం. చిన్నాయన ఫ్యాక్టరీలో ఉన్నాడు.

మండీలో తాత రిసీవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు, పట్టు వదిలితే లైను పోతుందన్నట్టు. చిన్నమ్మ అందుకుని గట్టిగా "మమో" అంది, వాళ్ళ భాషలో అమ్మా అని. తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు. అవతలివి చిన్న చిన్న జవాబులు. మూటలు మోసే కూలీలు మోసేవి దించి నిలబడ్డారు. చిన్నమ్మ గొంతు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. అప్పుడు రిసీవర్లోంచి సన్నగా, చీమ నడిచినంత సన్నగా, ఒక పాట మాకందరికీ వినబడింది. ముసలి గొంతు. మధ్యలో ఒకసారి దగ్గు. పాట ఆగలేదు. చిన్నమ్మ రిసీవరును చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. టక్కున శబ్దమై లైను తెగిపోయింది.

అవ్వ చెప్పులు ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. "ఏం చెప్పింది?"

"అందరూ బాగుండారంట. వానలు పడినాయంట. ఆవును ఇచ్చేసినారంట."

"అప్పరం? ఇంకేమంది?"

"అప్పరం పాడింది."

"ఏం పాట?"

చిన్నమ్మ కుర్చీలో కూర్చుంది. "మా ఊళ్ళో పెండ్లయినాక పెండ్లికూతురు అమ్మగారిల్లు వదిలి పోయేటప్పుడు పాడేది అత్తా. ఇల్లూ, బాగుండు. బావీ, బాగుండు. నేను పోతా ఉండాను, నా కోసం చూడొద్దు అని."

అవ్వ అక్కడే ఒక బియ్యం మూట మీద కూర్చుంటూ, "అప్పగింతల పాట" అంది. "పెండ్లికూతురు పాట మీ అమ్మ ఎందుకు పాడతాది? ఈ వయసులో ఆమె ఏ ఇల్లు వదిలి పోతాది?" చిన్నమ్మ ముఖం చూసి అవ్వే జవాబు చెప్పుకుంది. "ఇల్లు ఖాళీ చేయించినారు. నోటితో చెప్పనీలేదు."

"అవునత్తా. పక్కన ఎవురో నిలబడి ఉండారు. మధ్యలో దగ్గింది మా అమ్మ కాదు."

తాత తల తిప్పుకుని గోడ మీద దేవుడి పటాన్ని సరిచేశాడు. అది సరిగానే ఉంది.

ఆ సాయంత్రం మిద్దె మీద అమ్మా అవ్వా ఎండిన వడియాలు తీస్తున్నారు. నేనూ అక్కా విరిగినవి ఏరుకుని తింటున్నాం. సముద్రపు గాలి వీస్తోంది. చిన్నమ్మ పైకి వచ్చింది. పిట్టగోడ దగ్గర నిలబడి, కడుపు మీద ఒక చెయ్యి పెట్టుకుని, పాడింది. అణుచుకోలేదు. ఆ గొంతు అంతకాలం మా ఇంట్లో ఎక్కడ పట్టిందో నాకిప్పటికీ తెలియదు. కొట్లలో బట్టలు కొలిచే గజం బద్దలు ఆగాయి. ఎదురు మిద్దె మీదికి జనం ఎక్కారు. కింద సైకిళ్ళు నిలిచాయి. నాకు పాట కంటే అవ్వ భయమే ఎక్కువైంది. అవ్వ లేచి పిట్టగోడ దగ్గరికి నడుస్తుంటే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎదురింటామె పైకి చూస్తూ, "ఏం పెద్దమ్మా, కోడలికి ఏమైనాది?" అంది.

అవ్వ చిన్నమ్మ పక్కన నిలబడి కిందికి చూసింది. "వాళ్ళమ్మ పాడింది. దీనికి జవాబు చెప్పే లోపల లైను తెగిపోయింది. ఇప్పుడు చెప్తా ఉండాది. వినేవాళ్ళు వినండి, లేదంటే లోపలికి పోండి."

ఎవరూ లోపలికి పోలేదు.

వానాకాలంలో మా తమ్ముడు పుట్టాడు. వాడు నడవడం వచ్చేదాకా చిన్నమ్మను అవ్వ కదలనివ్వలేదు. ఆ తర్వాత చిన్నాయన ఆమెను వాళ్ళమ్మ దగ్గరికి పంపాడు. వాడిని మా దగ్గరే వదిలి ఒక్కతే వెళ్ళింది. ఆ నెలంతా అవ్వ రేడియో దగ్గర కూర్చుని, అర్థం కాకపోయినా ఇంగ్లీషు వార్తలు వినేది. "వాన అన్నాడా?" అని చిన్నాయనను గుచ్చిగుచ్చి అడిగేది.

చిన్నమ్మ చిక్కిపోయి తిరిగొచ్చింది. వాళ్ళమ్మకు దూరంగా, చెట్టూ పుట్టా లేని బయలు ప్రాంతంలో ఒక ఇటుకల ఇల్లు ఇచ్చారట. ఇల్లు బాగుందట. ఆవు కూడా ఇచ్చారట. కానీ ఒకే ఊరివాళ్ళను తలొక చోటా పడేశారు. చిన్నమ్మ ఒకరోజు వాళ్ళమ్మను అడిగిందట, ఊళ్ళో మంచు కరిగాక పాడే పాట పాడమని. ఆ పాట ఒక్కరు పాడేది కాదు. కింది గొంతు మొదలుపెట్టి నడిపిస్తుంటే పైగొంతు తర్వాత అందుకుని వేరే దారిన పోవాలి. వాళ్ళమ్మది కింది గొంతు. చిన్నప్పటి నుంచీ పైగొంతు పాడిన పక్కింటామెను వేరే జిల్లాకు పంపారు. "ఆమె లేంది ఎట్టా పాడేది" అని వాళ్ళమ్మ ఆవుకు మేత వేయడానికి లేచిపోయిందట.

"ఆ పాట పక్క ఊళ్ళో కూడా లేదు అత్తా. మా ఊరిదే" అంది చిన్నమ్మ. "ఊరు పోయింది. ఇప్పుడు పాట కూడా పోతాది."

అవ్వ ఆకు వక్క నములుతూ మా ఇద్దరి వైపు చూసింది. "వీళ్ళు ఉండారు కదా. సుమ్మా తిరగతా ఉండారు. నేర్పు."

నాకు కింది గొంతు, అక్కకు పైగొంతు. విడివిడిగా తొందరగానే వచ్చేసింది. కలిపి పాడితేనే తంటా. అక్క అందుకోగానే నేను నా దారి వదిలేసి ఆమె వెంట పోయేదాన్ని. చిన్నమ్మ మా చెవుల్లో దూది పెట్టింది. అక్కను ముందు గదిలో, నన్ను పెరట్లో కూర్చోబెట్టి, తాను నడవలో నిలబడి చేతులు ఊపేది. తమ్ముడు ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడేవాడు. అమ్మ "ఇంక చాలు, బడి పాఠాలు ఎప్పుడు చదువుతారు?" అనేది. మాకూ విసుగొచ్చేది. కానీ మానేద్దామని చిన్నమ్మ ముఖం చూసి అనలేకపోయేవాళ్ళం. మేం తప్పు పాడిన ప్రతిసారీ ఆమె కోప్పడేది కాదు, కంగారు పడేది. అది తిట్ల కంటే కష్టంగా ఉండేది.

చివరికి ఒకరోజు కుదిరింది. దూది తీసేసి ఎదురెదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పాడాం. నా గొంతు నాకూ, అక్క గొంతు అక్కకూ, రెండూ కలిసినది ఎవరిదో తెలియని మూడో గొంతులా ఇంట్లో తిరిగింది. అవ్వ ఆకు నమలడం ఆపింది. చిన్నమ్మ ఏమైనా అంటుందని చూశాం. ఆమె లేచి వెళ్ళి తమ్ముడి ముక్కు తుడిచి వచ్చి, "ఇంకోసారి" అంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ బట్టల గోదాము కట్టారు. తాత, అవ్వ, అమ్మానాన్నా, చిన్నాయన, ఒకరి తర్వాత ఒకరు పోయారు. చిన్నమ్మ ఈ యుద్ధం రావడానికి చాలా ఏళ్ళ ముందే, మనవరాలు పసిబిడ్డగా ఉన్నప్పుడే పోయింది. చూడకుండా పోయింది, మంచిదే అనుకుంటాను. ఆ మాట అనుకున్న ప్రతిసారీ మనసు ఒప్పుకోదు. కీవ్‌లో ఆమె తమ్ముడి పిల్లలు ఉన్నారు. మా తమ్ముడు వాళ్ళకు రోజూ పొద్దున మెసేజి పెడతాడు. జవాబు రావడం ఆలస్యమైన రోజు ఆఫీసులో ఏ పనీ చేయలేక నాకు ఫోను చేస్తాడు. "కరెంటు పోయుంటాదిలే" అంటాను. చిన్నమ్మ వాళ్ళ ఊరు మాత్రం అడవిలో కలిసిపోయిందట. యుద్ధం మొదట్లో రష్యా సైన్యం ఆ ఖాళీ ఊళ్ళ మీదుగానే వచ్చిందని వాడే చెప్పాడు.

షోళింగనల్లూరు నుంచి వచ్చిన మర్నాడు వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ పాట పాడి చూద్దామనుకున్నాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మొదటి మాటే లేదు. స్టవ్ ఆపేసి మాధవరంలో ఉన్న అక్కకు ఫోను చేశాను. అక్కకు ఇప్పుడు ఒక చెవి సరిగా వినబడదు. రెండోసారి గట్టిగా చెబితే గానీ అర్థం కాలేదు.

"ఆ పాటనా?" అని గొణుక్కుంటూ ఏదో కూనిరాగం తీసి చూసింది. "నా వంతు నాకు గుర్తులేదుమే. ఎంత యోచించినా నీదే వస్తా ఉండాది. పెరట్లో కూర్చోని నువ్వు పాడింది అట్టనే వినపడతా ఉండాది."

నేను కళ్ళు మూసుకున్నాను. ముందు గదిలోంచి అక్క అందుకునేది, పైకి పోయి అక్కడ నిలబెట్టేది, నేను దాని వెంట కొట్టుకుపోకుండా ఉండటానికి గోడ పట్టుకునేదాన్ని. అక్క వంతు మొత్తం ఉంది. ఒక్క మాట కూడా పోలేదు.

"అక్కా, నాకు నీది గుర్తుంది."

"సరే అట్టయితే. నువ్వు నాది పాడు, నేను నీది పాడతా."

ఫోనులో ఆమె గొంతు సవరించుకుంది. అవతల బస్సుల హారన్లు. అక్క కింది గొంతు అందుకుంది, కొంచెం వణుకుతూ, నా దారిలో. పైగొంతు ఆలస్యంగా రావాలి, ముందుగా వస్తే పాట చెడిపోతుంది. నేను ఊపిరి బిగబట్టి నా వంతు కోసం చూస్తున్నాను.